దూరంగా ఉన్నవాడికి ముందు కబురు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమన్నారు. మెస్ కబుర్లు, ఆటల కబుర్లు, వార్డెన్ గారి జ్ఞాపకాలు రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. మేం నలుగురం కలిసి ఈసారి ఒక సైన్సు వ్యాసం రాద్దామనుకున్నాం. విషయం పార్టికల్ యాక్సిలరేటర్లలో టైమింగ్. అణువు కన్నా చిన్న కణాలను విపరీతమైన వేగంతో పరుగెత్తించే యంత్రాలు ఉన్నాయి. వాటిలో వందల పరికరాలు ఒకే క్షణంలో ఎలా పనిచేస్తాయి, అవి కొలిచిన లెక్కలు ఏ క్షణానివో ఎలా తెలుస్తుంది అన్నదే ఈ వ్యాసం. పేరు చూసి పేజీ తిప్పేయకండి. ఇందులో మన తెనాలి, బాపట్ల, రేపల్లె వస్తాయి. చివర్లో మన హాస్టల్ పిల్లవాడొకడు కూడా వస్తాడు. అసలు ఈ వ్యాసం వాడి కోసమే.

మా నలుగురిలో ఇద్దరం తెనాలి హాస్టల్లో, ఒకరం బాపట్లలో, ఒకరం రేపల్లెలో చదివాం. ఇప్పుడు ఒకరం రైల్వే సిగ్నల్ పనిలో ఉన్నాం, ఒకరం జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాం, ఒకరం ఎలక్ట్రానిక్స్ మరమ్మతులు చేస్తున్నాం, ఒకరం క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ మిషన్ దగ్గర పనిచేస్తున్నాం. పండక్కి కలిసినప్పుడు ఎవరి పని గురించి వాళ్లం చెప్పుకుంటూ పోతే మాట చివరికి ఒకే చోటికి చేరుతుంది. టైము దగ్గరికి.

యాక్సిలరేటర్ ఎక్కడుంది?

మీలో చాలామంది యాక్సిలరేటర్‌ను చూడలేదనుకుంటారు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఉంది చూశారా, అదొక చిన్న యాక్సిలరేటరే. వెనక నుంచి ఎలక్ట్రాన్లను తోసి, ముందున్న అద్దానికి కొట్టించి బొమ్మ చూపించేది. గుంటూరు, విజయవాడల్లో క్యాన్సర్ ఆసుపత్రులకు వెళ్తే అక్కడ లీనియర్ యాక్సిలరేటర్ ఉంటుంది. అందరూ లినాక్ అంటారు. అది ఎలక్ట్రాన్లను వేగంగా తోసి, ఒక లోహపు ముక్కకు కొట్టించి, పుట్టిన ఎక్స్‌రే కిరణాలను గడ్డ మీదకు పంపుతుంది. ఈ పని ఏకధాటిగా జరగదు. సెకనుకు కొన్ని వందల సార్లు, ఒక్కోసారి కొన్ని మైక్రోసెకన్ల పాటు జరుగుతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. ఎలక్ట్రాన్లను వదిలే గన్, వాటిని తోసే మైక్రోవేవ్ తరంగం రెండూ ఒకేసారి రావాలి. గన్ ముందు పేలి తరంగం తర్వాత వస్తే ఎలక్ట్రాన్లను తోసేవాడుండడు. ఊయలను అందరూ తలో క్షణంలో తోస్తే ఏమవుతుందో ఇదీ అంతే.

మన దేశంలో పెద్ద యాక్సిలరేటర్లు ఇండోర్‌లోని రాజా రామన్న ఉన్నత సాంకేతిక కేంద్రంలో ఉన్నాయి. ఇండస్-1 1999లో, ఇండస్-2 2005లో మొదలయ్యాయి. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దది స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో సెర్న్ అనే సంస్థ కట్టిన ఎల్‌హెచ్‌సీ. దాని సొరంగం చుట్టుకొలత సుమారు 27 కిలోమీటర్లు. అంటే తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్లే మన రైలుదారి కన్నా కొంచెం తక్కువ. మనకు ఆ దారి ప్యాసింజర్ బండిలో దాదాపు గంట. ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్ ఒక్క సెకనులో ఆ చుట్టు 11,245 సార్లు తిరుగుతుంది.

గంట అందరికీ ఒకేసారి వినపడుతుందా?

హాస్టల్లో గంట కొడతారు. మెస్ గుమ్మంలో ఉన్నవాడికి వెంటనే వినపడుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఆటస్థలం చివర, 340 మీటర్ల దూరంలో ఉన్నవాడికి ఒక సెకను తర్వాత వినపడుతుంది. గంట ఒకటే, కొట్టిన క్షణం ఒకటే, విన్న క్షణాలు మాత్రం వేరు. భోజనానికి ఒక సెకను తేడా లెక్కలోది కాదు. యాక్సిలరేటర్‌లో సెకనులో వంద కోట్ల వంతును లెక్కబెడతారు. దాన్ని నానోసెకను అంటారు.

కాంతి కన్నా వేగమైనది లేదు. అది కూడా ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లే పోతుంది, అంటే మన స్కేలు బద్ద పొడవు. రాగి కేబుల్లోనో, గాజు ఫైబర్లోనో అయితే ఇంకా నెమ్మది. సుమారు 20 సెంటీమీటర్లే. కంట్రోల్ రూమ్ నుంచి 20 మీటర్ల దూరంలో ఒక పరికరం, 120 మీటర్ల దూరంలో మరో పరికరం ఉన్నాయనుకోండి. ఇద్దరికీ ఒకేసారి "కానివ్వు" అని సిగ్నల్ పంపితే మొదటిదానికి 100 నానోసెకన్లకు, రెండోదానికి 600 నానోసెకన్లకు అందుతుంది. తేడా 500 నానోసెకన్లు.

ఈ తేడా ఎంత పెద్దదో ఇండస్-2 లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ వలయం చుట్టుకొలత 172.47 మీటర్లు. ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో తిరుగుతాయి కాబట్టి ఒక చుట్టుకు సుమారు 575 నానోసెకన్లు పడుతుంది. వాటిని తోసే రేడియో తరంగం సెకనుకు 50 కోట్ల 58 లక్షల సార్లు ఊగుతుంది. భాగించి చూడండి, ఒక చుట్టులో ఆ తరంగం 291 సార్లు ఊగుతుంది. అంటే రైలుకు 291 పెట్టెలున్నట్టు. ఒక్కో పెట్టె పొడవు దాదాపు 2 నానోసెకన్లు. ఎలక్ట్రాన్ల గుంపులు ఆ పెట్టెల్లోనే కూర్చోవాలి. 500 నానోసెకన్ల తేడా వస్తే 250 పెట్టెలు దాటిపోయినట్టే.

ఇండస్‌లో ఎలక్ట్రాన్లు మూడు అంచెల్లో ఎక్కుతాయి. ముందు మైక్రోట్రాన్ అనే చిన్న యంత్రం, తర్వాత బూస్టర్ అనే వలయం, ఆ తర్వాత ఇండస్-2. బూస్టర్ సెకనుకోసారి గుంపును అందిస్తుంది. బూస్టర్‌లో తరంగం 31.613 మెగాహెర్ట్జ్, ఇండస్-2లో సరిగ్గా దానికి 16 రెట్లు. ఇలా సరి లెక్కలో ఉండటం వల్ల రెండు వలయాల అడుగులూ కలుస్తాయి. గుంపును ఒక వలయం నుంచి తీసే అయస్కాంతం, రెండో వలయంలోకి తోసే అయస్కాంతం సరిగ్గా ఆ క్షణంలోనే పేలాలి. తెనాలి జంక్షన్లో గుంటూరు బండి దిగినవాడికి రేపల్లె బండి దొరకడం లాంటిదే ఇది. అక్కడ బండి తప్పితే తర్వాతిది ఎక్కవచ్చు. ఇక్కడ బండి తప్పిన ఎలక్ట్రాన్లు గొట్టం గోడకు కొట్టుకుని పోతాయి.

తెనాలి గడియారం, రేపల్లె గడియారం

దూరదూరంగా ఉన్న గడియారాలను కలపడం రైల్వేవాళ్లకు పాత బాధే. ఒకప్పుడు ఊరికో టైము ఉండేది. అప్పట్లో రైళ్లు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. టెలిగ్రాఫ్ తీగ మీద స్టేషన్లకు టైము అందించేవారు. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం వచ్చింది. మన కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశమే దానికి ఆధారం. 1916లో రేపల్లె లైను వేసేనాటికి ఆ టైముకు పదేళ్లు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. కాగితం తీసుకోండి. తెనాలిలో ఒక గడియారం ఉంది, అది సరైనది. రేపల్లెలో ఒక గడియారం ఉంది, అది ముందుందో వెనకుందో తెలియదు. బండికి ఎంతసేపు పడుతుందో కూడా తెలియదు. పోయే బండికీ వచ్చే బండికీ ఒకే సమయం పడుతుందని మాత్రం తెలుసు.

తెనాలి నుంచి 10 గంటలకు ఒక చీటీ ఇచ్చి మనిషిని పంపాం. అతను దిగేసరికి రేపల్లె గడియారం 11:05 చూపింది. అక్కడ టీ తాగి, రేపల్లె గడియారం 11:20 చూపినప్పుడు తిరిగి బయల్దేరాడు. తెనాలిలో దిగేసరికి తెనాలి గడియారం 12:15. మొత్తం పట్టింది 2 గంటల 15 నిమిషాలు. రేపల్లెలో ఆగింది 15 నిమిషాలు. తీసేస్తే ప్రయాణం 2 గంటలు. ఒకవైపుకు గంట. అంటే అతను రేపల్లెలో దిగినప్పుడు అసలు టైము 11:00. అక్కడి గడియారం 11:05 చూపింది కాబట్టి అది 5 నిమిషాలు ముందుంది. నాలుగు అంకెలతో దూరమూ తెలిసింది, గడియారం తప్పూ తెలిసింది.

ఈ రోజు ప్రపంచంలోని పెద్ద యాక్సిలరేటర్లు చేసే పని ఇదే. సెర్న్, జర్మనీలోని జీఎస్‌ఐ తదితర సంస్థలు కలిసి 2008 ప్రాంతంలో మొదలుపెట్టిన వైట్ రాబిట్ అనే పద్ధతి ఈ నాలుగు అంకెల లెక్కనే ఫైబర్ మీద చేస్తుంది. ఆలిస్ కథలో గడియారం చూసుకుంటూ "ఆలస్యమైపోయింది" అని పరుగెత్తే తెల్ల కుందేలు పేరే దానికి పెట్టారు. పది కిలోమీటర్ల దూరం దాకా, వెయ్యికి పైగా పరికరాల గడియారాలను ఒక నానోసెకను కన్నా తక్కువ తేడాతో కలిపి ఉంచాలన్నది దాని లక్ష్యం. పోయే దారి, వచ్చే దారి సరిగ్గా ఒకటి కాకపోతే ఆ తేడాను ముందే కొలిచి లెక్కలో కలుపుతారు. ఒక్కసారి కొలిచి ఊరుకోరు. రోహిణి కార్తె ఎండకు రైలు పట్టా సాగినట్టే వేడికి ఫైబర్లో కాంతి ప్రయాణమూ మారుతుంది. పది కిలోమీటర్ల ఫైబర్ పది డిగ్రీలు వేడెక్కితే కొన్ని నానోసెకన్లు తేడా వస్తుంది. అందుకని చీటీలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఈ డిజైన్లను దాచుకోకుండా ఎవరైనా వాడుకునేలా బయటపెట్టారు. ఇప్పుడు అంతర్జాతీయ టైమింగ్ ప్రమాణం ఐఈఈఈ 1588లో 2019 నుంచి ఈ పద్ధతికీ చోటుంది.

ఇందులో మన తెలుగు నేల చేయి కూడా ఉంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కడుతున్న ఫెయిర్ అనే యాక్సిలరేటర్‌కు టైమింగ్ వ్యవస్థ వైట్ రాబిట్ మీదే నిర్మించారు. అక్కడి అయస్కాంతాలకు కరెంటు అందించే పవర్ కన్వర్టర్లను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసి పంపింది. 1967లో మొదలైన ఆ సంస్థను నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. హైదరాబాద్ వెళ్తే ఏఎస్ రావు నగర్ అని బస్సు బోర్డు మీద కనిపించేది ఆయన పేరే.

దూరంగా ఉన్నదానికి ముందు

గడియారాలు కలిశాయి. ఇప్పుడు అందరూ ఒకే క్షణంలో పని మొదలుపెట్టాలి. దీనికి రెండు పద్ధతులున్నాయి.

పాత పద్ధతిలో దగ్గరి పరికరాన్ని ఆపి ఉంచుతారు. ఎక్కువ దూరం ఉన్న పరికరానికి సిగ్నల్ చేరడానికి 600 నానోసెకన్లు పడుతుందంటే, 100 నానోసెకన్ల దూరంలో ఉన్నదాన్ని మరో 500 నానోసెకన్లు ఆగమంటారు. అవసరమైతే అంత పొడవు కేబుల్ చుట్టచుట్టి దాని ముందు పెడతారు. దగ్గర ఉన్నవాడు కూడా దూరం నుంచి నడిచొచ్చినట్టే లెక్క.

కొత్త పద్ధతిలో "ఇప్పుడు చెయ్యి" అని చెప్పరు. "ఫలానా క్షణానికి చెయ్యి" అని ముందుగా కబురు పంపుతారు. అన్నిటికన్నా చివర ఉన్నదానికి కబురు చేరడానికి ఎంత పడుతుందో లెక్కగట్టి, అంతకన్నా ముందే పంపుతారు. దగ్గరివాడికి కబురు ముందే చేరుతుంది, ఆగుతాడు. దూరంవాడికి ఆఖర్న చేరుతుంది, కానీ టైముకు చేరుతుంది. ఆ క్షణం రాగానే అందరూ ఒకేసారి కదులుతారు.

తెనాలి నుంచి రేపల్లెకు సుమారు 34 కిలోమీటర్లు ఫైబర్ వేస్తే కాంతి చేరడానికి 170 మైక్రోసెకన్లు పడుతుంది. బాపట్లకు ఇంకొంచెం ఎక్కువ. మూడు ఊళ్లలో దీపం ఒకేసారి వెలగాలంటే బాపట్లకు ఎంత పడుతుందో చూసుకుని కబురు బయల్దేరాలి. తెనాలి సౌకర్యం చూసి పంపితే మిగతా రెండు ఊళ్లూ ఎప్పటికీ వెనకే ఉంటాయి.

ఎల్‌హెచ్‌సీలో ఈ లెక్క తప్పితే ఏమవుతుందో చూడండి. అక్కడ నిండుగా తిరిగే ఒక ప్రోటాన్ల ప్రవాహంలో, గంటకు 150 కిలోమీటర్ల వేగంతో పోయే 400 టన్నుల రైలుకున్నంత శక్తి ఉంటుంది. ఏదైనా తేడా వస్తే మూడు చుట్లలోపే, అంటే సెకనులో మూడు వేల వంతు కూడా గడవకముందే, దాన్ని వలయం నుంచి బయటికి తీసి గ్రాఫైట్ దిమ్మెకు కొట్టించాలి. ఆ తిప్పే అయస్కాంతాలకు పూర్తి బలం రావడానికి కాస్త టైము పడుతుంది. అందుకని ప్రవాహంలో 3 మైక్రోసెకన్ల ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ సరిగ్గా అయస్కాంతం ముందుకు వచ్చినప్పుడే అది లేవాలి. రైల్వే భాషలో చెప్పాలంటే, రెండు పెట్టెల మధ్య సందులో పాయింటు మార్చడం.

లెక్క రాసేవాళ్లు

పని చేయించడం సగమే. ఏం జరిగిందో రాసుకోవడం మిగతా సగం. దాన్ని డేటా అక్విజిషన్ అంటారు. ఇండస్-2 వలయం చుట్టూ కణాల గుంపు గొట్టం మధ్యలోనే పోతోందా, పక్కకు జరిగిందా అని చూసే పరికరాలు యాభైకి పైగా ఉన్నాయి. ఒక్కదాని లెక్క చూస్తే ఏమీ తెలియదు. అన్నిటి లెక్కలూ ఒకే చుట్టువి అయితేనే దారి ఎక్కడ వంకరపోయిందో తెలుస్తుంది. పక్కదాని టైము ఒక చుట్టు వెనకబడితే లేని వంకర కనపడుతుంది. అందుకే ప్రతి అంకె పక్కనా అది ఏ క్షణానిదో రాస్తారు. దాన్ని టైమ్ స్టాంప్ అంటారు. మన హాజరు పట్టీలో తేదీ లేకుండా టిక్కులు మాత్రమే ఉంటే అది ఎవరికి పనికొస్తుంది?

ఇంకో ఉపాయం ఉంది. కొన్ని పరికరాలు ఆగకుండా రాస్తూ, పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతాయి. ఏదైనా ప్రమాదం జరగగానే అన్నీ ఒకే క్షణంలో రాయడం ఆపేస్తాయి. ప్రమాదానికి ముందు జరిగినదంతా అందులో మిగులుతుంది. 2008 సెప్టెంబర్ 10న ఎల్‌హెచ్‌సీ మొదలైంది. 19వ తేదీన రెండు అయస్కాంతాల మధ్య కరెంటు అతుకు పాడై, టన్నుల కొద్దీ హీలియం బయటికి చిమ్మి, యంత్రం ఏడాదికి పైగా ఆగిపోయింది. అలాంటప్పుడు ముందు ఏది పాడైంది, దానివల్ల ఏది పాడైంది అని తేల్చాలంటే టైము కలిసిన లెక్కలే సాక్షి. టైములు కలవకపోతే చివర పాడైనదాన్ని మొదటి దోషి అనుకునే ప్రమాదం ఉంది.

60 నానోసెకన్ల కథ

టైము తేడా ఎంత పని చేస్తుందో ప్రపంచమంతా చూసింది. సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద ఉన్న ప్రయోగశాలకు భూమిలోంచి న్యూట్రినో అనే కణాలను పంపేవారు. దూరం 730 కిలోమీటర్లు. ఒపేరా అనే ప్రయోగంలో పనిచేస్తున్న శాస్త్రవేత్తలు 2011 సెప్టెంబర్‌లో తమ లెక్కలు ప్రకటించారు. న్యూట్రినోలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందు వస్తున్నాయి! అదే నిజమైతే ఐన్‌స్టీన్ సిద్ధాంతం తిరగరాయాలి. ప్రపంచమంతటా పత్రికలు ఈ వార్త వేశాయి.

ఆ శాస్త్రవేత్తలు గొప్పలు చెప్పుకోలేదు. మాకు తప్పు దొరకలేదు, మీరూ వెతకండి అని అందరి ముందూ పెట్టారు. కొన్ని నెలలకు తప్పు దొరికింది. శాటిలైటు టైమును కొండ కింది గడియారానికి తెచ్చే ఫైబర్ కనెక్టర్ పూర్తిగా బిగియలేదు. వెలుతురు తగ్గడంతో అవతలి పరికరం సిగ్నల్‌ను గుర్తుపట్టడానికి 73 నానోసెకన్లు ఎక్కువ తీసుకుంది. దాంతో కింది గడియారం వెనకబడింది. వెనకబడ్డ గడియారంతో చూస్తే టైముకు వచ్చినవాడు కూడా ముందే వచ్చినట్టు కనిపిస్తాడు. ఇంకో చిన్న తప్పు వ్యతిరేక దిశలో ఉంది. రెండూ సరిచేసి 2012లో మళ్లీ కొలిస్తే న్యూట్రినోలు కాంతి వేగంతోనే వస్తున్నాయని తేలింది.

మరమ్మతు షాపులో ఉన్న మాకు ఈ కథ బాగా నచ్చుతుంది. ప్రపంచంలోని గొప్ప సిద్ధాంతానికి ఎదురొచ్చింది ఒక కనెక్టర్. కనిపించిన ఫలితం కణానిది, అసలు లోపం మధ్యలో ఉన్న తీగది.

ఇప్పుడు మనవాడి సంగతి

2003లో మాతో పాటు పదో తరగతి పాసైన ఒకడున్నాడు. పేరు రాయం. రేపల్లె అవతల కృష్ణ ఒడ్డు లంక గ్రామం. లెక్కల్లో మా నలుగురికన్నా ముందుండేవాడు. రేడియో విప్పి మళ్లీ బిగించేవాడు. పాలిటెక్నిక్ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ఆ వేసవిలో హాస్టల్ మూసేశారు, వాడు ఇంటికి వెళ్లాడు. కౌన్సెలింగ్‌కు రమ్మన్న కబురు వాడి ఊరికి తేదీ దాటిన రెండు రోజులకు చేరింది. తండ్రిని వెంటబెట్టుకుని వెళ్తే అక్కడ అడిగిన మాట ఒక్కటే: "ఎందుకు ఆలస్యంగా వచ్చావు?"

వాడు ఆలస్యం చేయలేదు. కబురు అందిన గంటలోనే బయల్దేరాడు. ఆ యేడు రొయ్యల చెరువు కాపలాకు వెళ్లాడు. మరుసటి యేడు మళ్లీ పరీక్ష రాయలేదు. ఇప్పుడు చెరువుల దగ్గర మోటార్లు, ఏరేటర్లు బాగుచేస్తాడు. మంచి పనివాడని పేరు. మేం కలిసినప్పుడు నవ్వుతూనే మాట్లాడతాడు.

యాక్సిలరేటర్ల గురించి చదివిన కొద్దీ మాకు వాడే గుర్తొస్తాడు. ఆ యంత్రాన్ని కట్టినవాళ్లు దూరంగా ఉన్న పరికరాన్ని "ఎందుకు ఆలస్యం?" అని అడగరు. దాని తీగ పొడవు ఎంతో ముందే కొలుస్తారు. ఆ పొడవుకు తగ్గట్టు కబురు ముందే పంపుతారు. దూరం లెక్కలో వేసుకోని యంత్రం దూరంగా ఉన్నదాన్నే తప్పుబడుతుంది. వెనకబడ్డవాళ్లు అని మనల్ని చాలామంది అంటారు. మనలో చాలామంది విషయంలో అది తీగ పొడవే.

తీగ పొడవు కొలవడం మన చేతిలో పని. 2022లో కొత్త జిల్లా వచ్చాక రేపల్లె, బాపట్ల ఒక జిల్లా, తెనాలి మరో జిల్లా అయ్యాయి. ఆఫీసులు వేరైనా మన రైలుదారి ఒకటే, మన పూర్వ విద్యార్థులూ ఒకటే. అందుకని మేం నలుగురం ఒక పని పెట్టుకున్నాం. మీరూ చేయి కలపండి.

వేసవి సెలవులకు ముందు ప్రతి హాస్టల్లోనూ పదో తరగతి, ఇంటర్ పిల్లలు తమ ఊరు, ఇంట్లో ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, ఏ టైముకు అందుతుంది అన్నది ఒక పుస్తకంలో రాయాలి. అది ప్రతి ఒక్కరి తీగ పొడవు. పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంజినీరింగ్, డిగ్రీ ప్రవేశాల తేదీలు తెలియగానే అందరికన్నా ముందు లంక గ్రామాల పిల్లలకు చెబుతాం. తర్వాత రోడ్డు పక్క ఊళ్లకు, ఆఖర్న టౌను వాళ్లకు. టౌను పిల్లలు అలగవద్దు, మీకు పక్కనే నెట్ సెంటర్ ఉంది. ఇంకో మాట. కబురు పంపి ఊరుకోం. రేపల్లె వెళ్లిన మనిషి చీటీ పట్టుకుని తెనాలి తిరిగొస్తేనే లెక్క తేలినట్టు, "అందింది అన్నా" అని అవతలి నుంచి మాట రావాలి. రాకపోతే మాలో ఒకరం బండెక్కి వస్తాం.

ఇక ఈ వ్యాసం చదివి ఎవరికైనా ఈ పని మీద మనసు పుడితే సంతోషం. దీనికి డాక్టరేట్లే అక్కర్లేదు. ఇంజినీరింగ్, ఎమ్మెస్సీ చదివినవాళ్లను అణుశక్తి విభాగం ట్రైనింగ్ స్కూళ్లు తీసుకుంటాయి. ముంబైలో బార్క్ ట్రైనింగ్ స్కూలు 1957 నుంచి నడుస్తోంది. ఆ విభాగం సంస్థలు, ఈసీఐఎల్ లాంటివి డిప్లొమా, ఐటీఐ వాళ్లకూ శిక్షణ ఇస్తాయి. కేబుల్ పొడవు కొలిచేవాడు, కనెక్టర్ బిగించేవాడు, లాగ్ పుస్తకంలో టైము సరిగ్గా రాసేవాడు లేకపోతే ఎంత పెద్ద శాస్త్రవేత్త లెక్కయినా 60 నానోసెకన్లు తప్పుతుంది. మీ గదిలో పాడైన స్విచ్‌బోర్డు విప్పి చూసే తమ్ముడెవరో మాకు తెలియదు. వాడి పేరు, వాడి ఊరు ఆ పుస్తకంలో మొదటి పేజీలో రాయించండి.

మీ అన్నలు, నలుగురు పూర్వ విద్యార్థులు,
తెనాలి, బాపట్ల, రేపల్లె.